పచ్చరంగు కలిపిన జెల్

పార్వతీపురం కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్లు నేర్చుకుంటున్న డాక్టర్ సౌదామినికి ఒక అనుమానం పట్టుకుంది. తను ఆపరేషన్ చేసిన కళ్లు మర్నాడు కట్టు విప్పితే మసకగా ఉంటున్నాయి. గురువు గున్నయ్యగారు చేసినవేమో తేటగా ఉంటున్నాయి.

శుక్లాన్ని ముక్కలు చేసేటప్పుడు కంటి లోపలి పొర దెబ్బతినకుండా ముందుగా జెల్ నింపుతారు. ఆ జెల్‌లోనే ఏదో మోసముందని ఆమె తేల్చుకుంది. జెల్ నింపిన సిరంజీలు అందించేది సిస్టర్ కరుణమ్మ. ఇంకేముంది, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చూపంతా ఆమె చేతుల మీదే.

ప్రతి పెట్టె సీలూ వెలుతురులో తిప్పి తిప్పి చూసేది. జెల్ ఉంచే ఫ్రిజ్ తాళం తన దగ్గరే పెట్టుకుంది. మసక తగ్గలేదు. తాళం వేసేలోపే మార్చేసి ఉంటుందనుకుంది. చివరికి కరుణమ్మ చేతినుంచి సిరంజీ తీసుకోవడమే మానేసింది.

"మంచివి మీకు దాచి, నాకు నీళ్లలాంటివి ఇస్తోంది సార్. ఆమెను థియేటర్‌లోంచి తీసేయండి."

గుమ్మం దగ్గరున్న కరుణమ్మ విన్నది. పాపం, కళ్లనిండా నీళ్లొచ్చాయి.

గున్నయ్యగారు ఔననలేదు, కాదనలేదు. చెయ్యి తిరగడం కోసం తెప్పించే మేక కన్నొకటి బల్ల మీద పెట్టించారు. తన జెల్ సిరంజీ తీసి, అందులో కంటికి వేసే పచ్చరంగు మందు ఒక చుక్క కలిపారు.

"ఇది నాది. దీనిమీద అనుమానం లేదుగా? కానీయమ్మా."

సౌదామిని మైక్రోస్కోపులో చూస్తూ జెల్ నింపింది. కన్ను లోపలంతా పచ్చగా మెరిసింది. శుక్లాన్ని ముక్కలుచేసి పీల్చే యంత్రం పెడల్ నొక్కింది. ఇంకా మొదటి ముక్కయినా విడిపోలేదు, యంత్రం ఆ పచ్చదనాన్ని నీళ్లతోపాటు ముద్దగా లాగేసింది. ఆమె కాలు తీసేసింది.

"ఆపేశావేం?"

"జెల్ లేదు సార్. పోయింది."

"రోజూ ఇక్కడ ఆపి, మళ్లీ నింపుతున్నావా?"

సౌదామిని పెడల్ వైపు చూసింది.

"కాపాడేది పోయేటప్పుడు చెప్పి పోదమ్మా" అంటూ గున్నయ్యగారు చేతులు కడుక్కోవడానికి లేచారు.

మర్నాడు బల్ల మీద ఒక ముసలమ్మ ఉంది. సౌదామిని మధ్యలో పెడల్ మీంచి కాలు తీసింది.

"సిస్టర్, ఇంకొంచెం జెల్ ఇస్తారా?"

కరుణమ్మ ఒక్క క్షణం తటపటాయించి సిరంజీ ఉన్న చెయ్యి చాచింది. సౌదామిని సీలు సంగతి అడగకుండా అందుకుంది.