మొదటి ఆకు

కుమ్మరి వీరాయమ్మ తన కథను తాటాకుల మీద తానే ఆరు ప్రతులు గీసింది. మూడేళ్లకి వేళ్లు కాయలు కాశాయి. సంతలో అమ్మాలంటే మొదటి ఆకు మీద ఆస్థాన పండితుడి మాట ఉండి తీరాలని రాజాజ్ఞ.

ఆ పండితుడు నరహరిశాస్త్రి ఆమె తెచ్చిన కట్టయినా విప్పలేదు. “చదవడమెందుకే? వాసనకే తెలుస్తోంది, చెత్త!”

వీరాయమ్మ ఆ మాటే ఉన్నదున్నట్టు ఆయన పేరుతో ఆరింటి మీదా గీసి సంతలో కూర్చుంది. సంతంతా పగలబడి నవ్వింది. శాస్త్రి పరుగెత్తుకొచ్చాడు.

“ఒసే, చెరిపెయ్!”

“గీసింది చెరుగుతుందా, బాబూ?”

“అయితే ఆ ఆకు పీకెయ్!”

“దాని వెనకవైపే కథ మొదలు. ఆరు కొత్త ఆకుల మీద మీ మంచిమాటా, వెనక నా కథ మొదలూ మీరే గీయండి. నాకు వేళ్లు వంగట్లేదు.”

ఆరో ఆకు ముగించి శాస్త్రి మెల్లగా అడిగాడు. “ఇంతకీ కథలో ఆ పిల్ల ఏరు దాటిందా?”

“వాసన చూడండి, తెలుస్తుంది,” అంది వీరాయమ్మ పొడిగా.