స్ప్రింగు మీద చెయ్యి

మద్దిలేటి పన్నెండు రోజులుగా ఒక ప్రశ్నను లోపలే పెట్టుకుని తిరుగుతున్నాడు. అడగవలసిన మనిషి రోజూ ఎదురుగానే ఉన్నాడు. అడగడానికి నోరు రాలేదు.

ఆ మనిషి దస్తగిరి ఉస్తాద్. నంద్యాలలో కర్నూలు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. నలభై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్నాడు. ఆయన దగ్గర పని నేర్చినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో సొంతంగా షెడ్లు పెట్టుకున్నారు. మద్దిలేటి మాత్రం పదిహేనేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాడు. చెయ్యి మంచిది. చెవి ఇంకా మంచిది. ఆ చెవికి వచ్చిన పేరే అతన్ని చెడగొట్టింది.

షెడ్డు ముందు బెంచీ మీద టీ తాగేవాళ్లకు ఒక ఆట ఉంది. రోడ్డు మీంచి కారు లోపలికి తిరగ్గానే, బానెట్టు ఎత్తకముందే, దాని జబ్బేమిటో చెప్పాలి. ఓడినవాళ్లు టీ పోయించాలి. మద్దిలేటి ఓడిన రోజు లేదు. "వానిది చెవి గాదబ్బా, డాక్టరు మెడలో గొట్టం," అనేవాడు టింకరు ఖాజా. ఆ మాట వింటే మద్దిలేటికి కడుపు నిండేది.

ఉస్తాద్ ఆ ఆటలో ఎన్నడూ కలవలేదు. ఆయన షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. చక్రం దగ్గర శబ్దం వస్తోందని బండి వస్తే, ముందు రెండు పక్కలా జాకీ ఎత్తాలి. చక్రాన్ని చేత్తో తిప్పాలి. అది తిరుగుతుండగా పైనున్న స్ప్రింగు మీద చెయ్యి పెట్టాలి. బేరింగు అరిగి ఉంటే, లోపల ఇసుక పోసినట్టు గరగర చేతికి తెలుస్తుంది. చెవి ఎటు చెప్పినా చెయ్యి చెప్పిందే లెక్క. "శబ్దం ఇనుము పట్టుకుని పరుగెత్తుతాది. ఒక పక్క పుట్టి ఇంకో పక్క వినపడతాది," అనేవాడు ఉస్తాద్.

ఒకరోజు ఆయన బంధువుల పెళ్లికి ఆళ్లగడ్డ వెళ్లాడు. ఆ రోజే సుంకన్న కారు వచ్చింది.

సుంకన్న తన కారును కిరాయిలకు తిప్పుకుని బతుకుతాడు. భార్య తిమ్మక్కకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు కర్నూలులో రక్తం శుద్ధి చేయించాలి. ఆ రెండు రోజులు కిరాయి మానుకుని ఆమెను తానే తీసుకెళ్లేవాడు. ముందు చక్రాల్లో ఎక్కడో హోరు మొదలైంది. మర్నాడు కర్నూలు ప్రయాణం. తిమ్మక్కను మందుల కోసం బజారుకు తెచ్చినవాడు, అట్నుంచి అటే షెడ్డుకు వచ్చాడు.

బండి గేటు తిరగ్గానే ఖాజా అందుకున్నాడు. "ఏం మద్దిలేటీ, గొట్టం పెట్టు."

మద్దిలేటి టీ గ్లాసు కూడా దించలేదు. "ముందర ఎడమ బేరింగు," అన్నాడు.

సుంకన్న దిగి వచ్చాడు. "చూడకుండానే చెప్తివే."

"చూసేదేముండాది సుంకన్నా. నువ్వు రాకముందే నీ బండి వచ్చి నాతో చెప్పి పాయె."

బెంచీ మీద అందరూ నవ్వారు.

తిమ్మక్క ఎడమ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. మొహం ఉబ్బి ఉంది. మాట మెల్లగా వచ్చింది. "నాయనా, ఈ పక్క కూర్చునేదాన్ని నేను. నా పక్క కాదేమో చూడు. బండి ఎడమకు తిరిగితే ఆయన పక్క హోరు ఎక్కువైతాది. కర్నూలు దాకా దాన్నే వింటా పోతుంటా గదా."

"పోయె మద్దిలేటీ, నీకు పోటీ వచ్చె," అన్నాడు ఖాజా.

"అక్కా, అట్లయితే నువ్వు వచ్చి రెంచీ పట్టుకో. నేను పోయి సీట్లో కూర్చుంటా," అన్నాడు మద్దిలేటి.

మళ్లీ నవ్వారు. సుంకన్న కూడా కొంచెం నవ్వి, భార్య వైపు తిరిగాడు. "నువ్వు ఊరుకో. చేసేవాళ్లకు తెలీదా."

ఆమె తల లోపలికి తీసుకుంది.

ఆమె చెప్పింది సరైన మాట. బండి ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అరిగిన బేరింగు బరువు పడినప్పుడే ఎక్కువ అరుస్తుంది. ఇది మద్దిలేటికి ఉస్తాద్ మొదటి ఏడాదిలోనే నేర్పాడు. కానీ చెప్పింది సీట్లో కూర్చున్న జబ్బుమనిషి. చుట్టూ నవ్వులు. అతనికి ఆ మాట మీద మనసు నిలవలేదు.

మద్దిలేటి ఎడమ పక్క ఒక్కటే జాకీ ఎత్తాడు. చక్రం తిప్పాడు. అలవాటు కొద్దీ చెయ్యి స్ప్రింగు మీదికి పోయింది. గరగర లేదు. చక్రం నున్నగా తిరిగింది.

చెయ్యి ఒక్క క్షణం అక్కడే ఆగింది. అతను వెనక్కి చూశాడు. బెంచీ మీదివాళ్లు టీ గ్లాసులు పట్టుకుని ఇటే చూస్తున్నారు. ఎడమ అన్న మాట అప్పటికే నోరు దాటింది. అతను చక్రం మరలు విప్పడం మొదలుపెట్టాడు.

పాత బేరింగును ప్రెస్సు మీద నొక్కి బయటికి తీస్తే అది రెండుగా విడిపోయింది. ఇక అది మంచిదో చెడ్డదో ఎవరూ చెప్పలేరు. కొత్తది వేశాడు. సుంకన్న రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకుని వచ్చాడు.

"హోరు ఇంకా వస్తాంది మద్దిలేటీ."

"కొత్త బేరింగన్నా. నూరు కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటాది."

సుంకన్న నమ్మాడు. నమ్మకపోవడానికి అతనికి కారణం లేదు.

పనిలో పొరపాటు రాని మనిషి లేడు. అది పొరపాటని చేతికి తెలిశాక కూడా, అన్న మాట నిలబెట్టుకోవడం కోసం పని సాగించడం పొరపాటు కాదు. దాన్ని ఆ పేరుతో పిలిచి మనం మనల్ని కాపాడుకుంటూ ఉంటాం.

మర్నాడు పాణ్యం దాటిన తర్వాత కుడి చక్రం నుంచి పొగ వచ్చింది. ఆ వెంటనే చక్రం పట్టేసింది. బండి ఇక కదలలేదు. చుట్టూ నీడ లేదు. సుంకన్న రోడ్డు మీదికి పోయి కనపడిన ప్రతి బండికీ చెయ్యి ఎత్తాడు. రెండు గంటలకు ఒకరు ఆపారు. ఆసుపత్రి చేరేసరికి తిమ్మక్కకు ఊపిరి అందడం లేదు. మరుసటి రోజు తెల్లవారుతుండగా పోయింది. ఆమె గుండె చాన్నాళ్లుగా బలహీనంగానే ఉందని డాక్టర్లు చెప్పారు.

కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. దినాలు అయ్యేదాకా సుంకన్న రాలేడు గనక అది మూలన అట్లాగే ఉండిపోయింది. పెళ్లి నుంచి వచ్చిన ఉస్తాద్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. మాడిపోయిన కుడి బేరింగు చూశాడు. ఎడమ పక్క కొత్త బేరింగు చూశాడు. ఏమీ అడగలేదు. ఆ కారు మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

పన్నెండో రోజు పొద్దున, మధ్యాహ్నం వస్తానని సుంకన్న కబురు పంపాడు. అప్పుడు మద్దిలేటి ఉస్తాద్ ముందు నిలబడ్డాడు.

"ఉస్తాద్, ఒకటి అడుగుతా."

"అడుగు."

"కుడి బేరింగు పోయింటే నేను ఎడమది మారిస్తి. నా చెవి నన్ను మోసం చేసింది. ఆ చక్రం పట్టేయకుండా ఉంటే, తిమ్మక్క బతికిండేదా?"

ఉస్తాద్ అతని మొహం చూశాడు. జాకీని కాలితో అతని వైపు జరిపాడు.

"ఎడమ పక్క ఎత్తు."

"ఎడమది కొత్తది ఉస్తాద్. పోయింది కుడిది."

"ఎడమ పక్క ఎత్తు."

మద్దిలేటి ఎత్తాడు. ఉస్తాద్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ వయసులో అట్లా కూర్చోవడం ఆయనకు కష్టం. చక్రాన్ని రెండు చేతులతో పట్టి గట్టిగా తిప్పాడు.

"చెయ్యి పెట్టు."

మద్దిలేటి స్ప్రింగు మీద చెయ్యి పెట్టాడు.

"ఏం తెలుస్తాంది?"

"ఏం లేదు ఉస్తాద్. నున్నగా తిరుగుతాంది."

"ఆ పొద్దు?"

చక్రం తిరిగి తిరిగి మెల్లగా ఆగిపోయింది. ఉస్తాద్ మళ్లీ తిప్పాడు. అది కూడా ఆగిపోయింది. మూడోసారి తిప్పాడు. మద్దిలేటి చెయ్యి తీయబోయాడు. ఉస్తాద్ తన చెయ్యి ఆ చేతి మీద పెట్టి, అక్కడే ఉంచాడు.

"ఆ పొద్దు కూడా ఇట్లే తిరిగింది ఉస్తాద్."

"చెవి మోసం చేసిందంటివి."

"చెవి గాదు."

ఉస్తాద్ లేచి జాకీ దించాడు. "నువ్వు అడిగింది పైవానికి తెలుసు. నాకు తెలీదు," అన్నాడు. "సుంకన్న వచ్చేది మధ్యాహ్నం."

మధ్యాహ్నం సుంకన్న వచ్చాడు. గుండు మీద తువ్వాలు కప్పుకున్నాడు. పన్నెండు రోజుల్లో మనిషి సగమయ్యాడు. బెంచీ మీదివాళ్లు లేచి చోటిచ్చారు. అతను కూర్చోలేదు. నేరుగా మద్దిలేటి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మనసులో ఏం పెట్టుకోవద్దు మద్దిలేటీ. ఎడమది నువ్వు బాగానే చేస్తివి. రోడ్డు బాగలేక కుడిది కూడా పోయింది. బండి అన్నంక రెండూ పోతాయి. ఎవరేం చేస్తారు."

ఉస్తాద్ కొంచెం దూరంలో పాత బోల్టులు ఏరుతున్నాడు. తల ఎత్తలేదు.

అవునన్నా అని ఒక మాట అంటే చాలు. ఆ సంగతి అక్కడే ముగిసిపోయేది. పాత బేరింగు ఏనాడో ఇనుప సామాను బండికి పోయింది. ఆ పొద్దు చేతికి తెలిసినదానికి సాక్షి లేడు. మద్దిలేటి తన భుజం మీద ఉన్న చెయ్యి వైపు చూశాడు.

"రోడ్డు గాదన్నా," అన్నాడు. "మొదటి నుంచీ కుడిదే. ఎడమది బాగుండె."

సుంకన్నకు అర్థం కాలేదు. "అంటే?"

"ఆ పొద్దు ఎడమ చక్రం తిప్పి చూస్తి. బాగుందని చేతికి తెలిసె. అయినా విప్పితి. నూరు కిలోమీటర్లకు సర్దుకుంటాదని చెప్పింది అబద్ధం."

"తెలిసి విప్పితివా?"

"తెలిసే."

"ఎందుకు?"

మద్దిలేటి బెంచీ వైపు చూపించలేదు. కానీ అందరూ తలలు దించుకున్నారు. "అందరి ముందర ఎడమ అనేసింటి," అన్నాడు.

సుంకన్న చెయ్యి అతని భుజం మీంచి జారింది. అతను కారు దగ్గరికి నడిచాడు. డ్రైవరు తలుపు తీయలేదు. ఎడమ పక్క తలుపు తీసి, కాళ్లు బయట పెట్టి ఆ సీటులో కూర్చున్నాడు. ఖాజా లేచి ఏదో చెప్పబోయి మళ్లీ కూర్చున్నాడు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

సుంకన్న ఆ సీట్లోంచే అన్నాడు. "ఆమె చెప్పింది."

"చెప్పిందన్నా."

"నేనే ఊరుకోమంటి."

మద్దిలేటి నిలబడే ఉన్నాడు.

"చక్రం పట్టేసినంక రెండు గంటలు ఎండలో ఈ సీట్లోనే కూర్చున్యాది. నేను ముందే చెప్పినా గదా అని ఒక్కసారి అనలేదు. నీళ్లుండాయా అని మాత్రం అడిగె. సీసాలో కొంచెమే ఉండె. ఆమె నీళ్లు ఎక్కువ తాగకూడదని డాక్టర్లు చెప్పినారు. ఒక గుక్కే ఇచ్చి, సీసా నా దగ్గర పెట్టుకుంటి."

ఆ మాట అన్నాక సుంకన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరూ అతని దగ్గరికి పోలేదు. కాసేపటికి తువ్వాలు తీసి, మొహం తుడుచుకుని లేచాడు.

"కుడిది వేయి," అన్నాడు. "రేపు మహానందికి కిరాయి ఒప్పుకున్యా."

మద్దిలేటి జాకీ తెచ్చాడు. రెండు పక్కలా ఎత్తాడు. సాయంత్రం దాకా ఒక్కడే చేశాడు. ఎవరి సాయమూ అడగలేదు. పని అయ్యాక రెండు చక్రాలూ తిప్పి, రెండు స్ప్రింగుల మీదా చెయ్యి పెట్టి చూశాడు. ఒకసారి చూసి, మళ్లీ చూశాడు. సుంకన్న బెంచీ చివర కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. టీ వచ్చింది. అతను తీసుకున్నాడు, తాగలేదు.

కారు గేటు దాటి ఎడమకు తిరిగింది. ఏ శబ్దమూ రాలేదు. అది కనపడనంత దూరం పోయేదాకా మద్దిలేటి చూస్తూ నిలబడ్డాడు.

ఉస్తాద్ కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. మద్దిలేటి ఆయన పక్కకు వచ్చాడు.

"కొడతాడనుకుంటి ఉస్తాద్. నిలబడే ఉంటి. ఒక్క మాట కూడా అనలేదు."

ఉస్తాద్ చేతులు తుడుచుకుని, ఆ గుడ్డ అతనికి ఇచ్చాడు.

"అనింటే, ఈ పొద్దు నీకు నిద్ర పట్టేది," అన్నాడు.