కొండమ్మకిచ్చేసిన గోధుమరంగు మందు

అనగనగా ఒక మిరపకాయల ఊళ్ళో, ఎటు చూసినా కల్లాలే, కల్లాల నిండా ఎర్రెర్రగా ఆరబోసిన కాయలే. ఆ ఊరికి చుట్టం వస్తే ముందు తుమ్మి, ఆ తర్వాత నమస్కారం పెట్టేవాడు. నవ్వకే, నిజంగానే!

ఆ ఊళ్ళో పున్నమ్మ అని ఒకావిడ ఉండేది. కాయలకి తొడిమలు తుంచే పని ఆవిడది. మొగుడు బాజి బస్తాలు మోసేవాడు. వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు శేషు. నీ ఈడుదే. నీలాగే వాగుడుకాయ. కాకపోతే నాలుగు మాటలు మాట్లాడితే చాలు, ఆయాసం వచ్చేసేది. చలికాలం వస్తే రొమ్ములో పిల్లికూతలు.

"నా కూతురు పిల్లిని మింగేసిందే" అని బాజి నవ్వించబోయేవాడు. పున్నమ్మకి నవ్వు వచ్చేది కాదు. పిల్ల వీపు రాస్తూ కూర్చునేది. దీనికి ఊపిరి సరిగ్గా ఆడితే చాలు, నాకింకేమీ వద్దు అనుకునేది.

అప్పుడు కొండమీది కొండమ్మకి మొక్కుకుంది. "తల్లీ, దీని జబ్బు తీసెయ్యి. ఆ జబ్బుని నీ కొండ మీదే వదిలేసి వస్తాను" అంది. ఆ వైపు అదొక ఆనవాయితీలే. కన్ను బాగైతే వెండి కన్ను, కాలు బాగైతే వెండి కాలు చేయించి హుండీలో వేస్తారు. అంత లేనివాళ్ళు జబ్బు తాలూకు వస్తువేదో, కాలికట్టో, చేతికర్రో, అక్కడ వదిలేసి వెనక్కి చూడకుండా దిగిపోతారు.

ఆ తర్వాత పట్నంలో డాక్టరమ్మకి చూపించారు. ఆవిడ రెండు ఇన్‌హేలర్లు ఇచ్చింది. ఒకదానికి నీలం మూత, ఇంకోదానికి గోధుమరంగు మూత.

"రెండెందుకమ్మా, గట్టిది ఏదో ఒకటి ఇవ్వరాదూ?" అంది పున్నమ్మ.

"రెండూ ఒకటి కాదు పున్నమ్మా. పిల్లకి లోపల గాలిగొట్టాలు వాచి ఉన్నాయి. ఈ గోధుమరంగుది ఆ వాపు తీస్తుంది. మెల్లిగా, వారాల తరబడి తీస్తుంది. పొద్దునా సాయంత్రం పీల్పించి, నోరు పుక్కిలించమను. పిల్ల బాగున్నా మానకూడదు. నీలంది ఆయాసం వచ్చినప్పుడు పీల్చడానికి. బిగుసుకున్న గొట్టాన్ని అప్పటికప్పుడు వదులు చేస్తుంది, వాపు జోలికి మాత్రం పోదు. నీలంది మాటిమాటికీ కావాల్సివస్తోందంటే లోపల వాపు పెరిగిందని లెక్క. వెంటనే రా."

ఇంటికొచ్చాక పున్నమ్మకి నీలంది తెగ నచ్చేసింది. పీల్చిన కాసేపటికే పిల్ల తేరుకునేది మరి. గోధుమరంగుది పీలిస్తే ఏమీ జరిగినట్టే ఉండేది కాదు.

"ఇది ఇల్లరికపు అల్లుడే" అన్నాడు బాజి. "ఇంట్లో ఉన్నట్టూ తెలీదు, చేసే పనీ కనపడదు."

అయినా డాక్టరమ్మ చెప్పింది కదాని మానకుండా పీల్పించారు. కొన్నాళ్ళకి పిల్లికూతలు సన్నబడ్డాయి. ఆ తర్వాత శేషు వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయింది. ఆ తర్వాత ఒకరోజు కల్లాల వెంట పరుగు పందెం పెట్టుకుని, మగపిల్లల్ని కూడా దాటేసి, వాళ్ళమ్మ ఒళ్ళో వచ్చి పడింది. పున్నమ్మ దాని రొమ్ముకి చెవి ఆనించి విన్నది. చప్పుడు లేదు. ఏడ్చేసింది పిచ్చితల్లి, సంతోషంతో.

"కొండమ్మ విన్నదయ్యో! పద, ఈ గోధుమరంగుది కొండ మీద వదిలేసి మొక్కు తీర్చేద్దాం."

"వెళదాం సరే. మందు మానెయ్యమని డాక్టరమ్మ చెప్పలేదుగా?" అన్నాడు బాజి.

"జబ్బు పోయాక మందేంటి? ఇంకా పీల్పిస్తే అమ్మవారిని నమ్మనట్టు కాదూ?"

ముగ్గురూ కొండెక్కారు. పున్నమ్మ గోధుమరంగు ఇన్‌హేలర్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, వెండి కళ్ళ పక్కన పెట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు పూజారి.

"మా పిల్ల ఉబ్బసం సామీ. ఇక్కడే వదిలేసి పోతున్నాం."

వెనక్కి చూడకుండా దిగిపోయారు. కొండమ్మ అడిగిందంటావా? అడగలేదు తల్లీ. ఆవిడ పిల్ల బాగుండాలనుకుంది గానీ మందు ఇచ్చెయ్యమనలేదు.

ఆ వెంటనే ఏమీ కాలేదు. అదే వచ్చిన చిక్కు. మానగానే ఆయాసం వచ్చి ఉంటే పున్నమ్మకి అప్పుడే తెలిసొచ్చేది. లోపల వాపు చడీచప్పుడూ లేకుండా మళ్ళీ మొదలైంది.

అప్పుడు కాయలు కల్లాలకి దిగే రోజులు వచ్చాయి. మొదటిసారి ఆయాసం కొంచెం వచ్చింది. నీలంది పీల్పించారు, తగ్గింది. రెండోసారి గట్టిగా వచ్చింది. మళ్ళీ నీలందే, మళ్ళీ తగ్గింది. ఇక అక్కణ్ణించి రోజూ అదే. "చూశావా, నా బంగారుకొండ, పిలవగానే పలుకుతుంది" అని పున్నమ్మ ఆ నీలం మూతని ముద్దుపెట్టుకునేది. మాటిమాటికీ కావాల్సివస్తే రమ్మన్న మాట ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం వచ్చింది. గాలి లేచి మిరపఘాటు ఊరంతా కమ్మింది. నీలంది పీల్పించింది. తగ్గలేదు. మళ్ళీ పీల్పించింది. తగ్గలేదు. శేషు ఎగపీలుస్తూ "అమ్మా" అనబోయి సగంలోనే ఆగిపోయింది. ఆ తర్వాత పిల్లికూతలు కూడా ఆగిపోయాయి.

"హమ్మయ్య, తగ్గిందయ్యా!" అంది పున్నమ్మ. పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని చెంగుతో విసిరింది.

"తగ్గిపోయిందా అమ్మమ్మా?"

లేదు నా తల్లీ. లోపలికి గాలి వెళితేనే కదా కూత వచ్చేది. వెళ్ళడానికి దారే లేకుండా పోయింది. పున్నమ్మ దాన్ని తగ్గడం అనుకుంది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరగడం చూసి బాజి "ఇదేంటే, ఇట్టా అయిపోయిందేంటే!" అని కేకపెట్టి, పిల్లని భుజాన వేసుకుని, ఆటో ఎక్కించి పట్నం తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ ముక్కుకి గాలి పెట్టింది, సూది వేసింది. పున్నమ్మ ఆవిడ కాళ్ళు పట్టుకుంది. "అమ్మా, ఆ గోధుమరంగుది ఇవ్వమ్మా. ఎంతైనా పీల్పిస్తాను. ఈసారి మాననమ్మా" అంది.

"అది ఇప్పుడు పనిచేసేది కాదు పున్నమ్మా" అంది డాక్టరమ్మ. "ఇలాంటి రోజు రాకుండా చూసేది అది."

అంతే. తిట్టి ఉంటే బాగుండేదేమో.

"బతికిందా అమ్మమ్మా?"

ఇటు రా, దగ్గరికి జరుగు. దుప్పటి కప్పుకో.

ఇప్పటికీ పున్నమ్మ తొడిమలు తుంచుతూ తుంచుతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేస్తుంది. చెవి ఒగ్గి వింటుంది. "ఏంటి వదినా?" అని పక్కనున్నవాళ్ళు అడుగుతారు. "ఏం లేదు, పిల్లి కూసినట్టుంటేనూ" అంటుంది. మళ్ళీ తల వంచుకుని తుంచుతుంది.

కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం మంచానికి,
శేషు ఒక్కతే రాలేదు ఇంటికి.