రాజుగారి విరగని అంకె

ఇసకలో అంకెలు దిద్దుకునే ఆ మంచి రోజుల్లో, ఒకానొక రాజ్యాన్ని మహీధర భూపతి ఏలేవాడు. మనసు వెన్నే కానీ, పొగిడితే చాలు మునగచెట్టు ఎక్కేసేవాడు.

ఆయన కొలువులో విరూపాక్ష శాస్త్రి అనే గణిత పండితుడు కొత్తగా చేరాడు.

"ప్రభూ! తమ ఏలుబడిలో మూడువందల నలభై ఏడు ఊళ్ళు. ఆ అంకెను ఇహానికొకసారి, పరానికొకసారి పక్కపక్కనే రాశాను. మూడు లక్షల నలభై ఏడు వేల మూడువందల నలభై ఏడు! రెండుకు లొంగదు, మూడుకు లొంగదు, అయిదుకు లొంగదు. దేనితో భాగించినా శేషం మిగలాల్సిందే. తమ రాజ్యంలాగే అభేద్యం!" అన్నాడు.

రాజు పొంగిపోయాడు. ఆ అంకెను రాతిమీద చెక్కించి, కోట పక్కన మండపం కట్టమన్నాడు. కానీ అక్కడ పానకాలు పంతులుగారి వీధిబడి ఉంది. "ఆ ఎక్కాల గోల తమకేల? తీయించండి" అన్నాడు శాస్త్రి. రాజు సరేనన్నాడు.

విదూషకుడు గవరయ్యకు మనసు చివుక్కుమంది. తనూ రాజూ ఆ బడిలోనే ఒకే చాపమీద చదువుకున్నారు. పొద్దున్నే చలికి వణుకుతూ గొంతు కలిపి ఎక్కాలు వల్లించేవారు. తప్పు చెబితే పంతులుగారు చెవి మెలిపెట్టేవారు, కాసేపటికి ఆయనే బెల్లంముక్క చేతిలో పెట్టేవారు. ఆ రోజులు ఎలాగూ తిరిగి రావు. కనీసం ఆ బడైనా ఉండొద్దూ?

మర్నాడు గవరయ్య పంతులుగారిని వెంటబెట్టుకుని కొలువుకు వచ్చాడు. "ప్రభూ, ఆ అంకె శేషం లేకుండా ఏడుకు విరుగుతుంది" అన్నాడు.

శాస్త్రి ఇంతెత్తున లేచాడు. రాజు మీసం దువ్వి, "విరిగితే బడి ఉంటుంది. విరగకపోతే బడితోపాటు నువ్వూ ఊరు దాటాలి" అన్నాడు.

"చిత్తం. కానీ నేను విరిస్తే గారడీ అంటారు. తమరే విరవాలి" అంటూ గవరయ్య పళ్ళెంనిండా ఇసక తెప్పించి రాజు ముందు పెట్టాడు.

రాజు కాసేపు మొహమాటపడ్డాడు. తర్వాత కిరీటం తీసి పక్కన పెట్టి, కింద చతికిలపడ్డాడు. ముప్పై ఏళ్ళకు మళ్ళీ వేలికి ఇసక తగిలింది. "ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది..." అంటుంటే బడి రాగం దానంతటదే గొంతులోకి వచ్చేసింది. శేషం ఆరు. ఏడు దించితే అరవై ఏడు. అక్కడ తడబడ్డాడు.

ద్వారం దగ్గర నిలబడ్డ పంతులుగారు ఉండబట్టలేకపోయారు. "ఒరేయ్ మహీ! ఏడు తొమ్మిదులు?" అని గద్దించారు.

"అరవై మూడండీ!" అంటూ రాజు చటుక్కున చెవి కప్పుకున్నాడు.

రాజు మిగతా లెక్క గబగబా చేశాడు. చివరికి శేషం సున్న.

"ఎలా కనిపెట్టావురా గవరా?"

"మూడంకెల సంఖ్యను రెండుసార్లు పక్కపక్కన రాస్తే, దాన్ని వెయ్యిన్నొకటితో హెచ్చించినట్టే ప్రభూ. వెయ్యిన్నొకటి ఏడుకీ, పదకొండుకీ, పదమూడుకీ విరుగుతుందని పంతులుగారు ఆనాడే చెప్పారు. ఆ పూట తమరు జామచెట్టు మీద ఉన్నారు."

రాజు ముఖం వాడిపోయింది. "అంటే నా రాజ్యం ముక్కలైపోతుందా?"

"విరగని అంకెను ఎంతమంది వచ్చినా సమంగా పంచలేం ప్రభూ. మనది అలాంటిది కాదు. ఏడుగురొచ్చినా, పదముగ్గురొచ్చినా అందరికీ సమానంగా అందుతుంది. రాజుకు ఇంతకంటే మంచి అంకె ఎక్కడ దొరుకుతుంది?"

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తన ముత్యాలహారం తీసి గవరయ్య మెడలో వేసి, పంతులుగారి కాళ్ళకు మొక్కాడు. మండపానికి తెచ్చిన రాళ్ళతో బడికి అరుగు కట్టించమన్నాడు. ఆపైన శాస్త్రివైపు తిరిగాడు.

"ఇంతకీ శాస్త్రీ, ఏడుతో ఎందుకు భాగించి చూడలేదు?"

శాస్త్రి నీళ్ళు నమిలాడు. "ఏడో ఎక్కం దగ్గర నాకు కొంచెం... ప్రభూ..."

"అయితే రేపు తెల్లారేసరికి బడికి వచ్చెయ్యి. చాపమీద నా పక్కన చోటుంది. నాకు పదమూడో ఎక్కం రాదు."