వెనక నడిచేవాడి దగ్గు

కోతలైపోయిన మళ్ళల్లో రాలిన గింజలు ఏరుకుంటూ, పంట కాలువ వెంబడి తిరిగే బాతుల మంద ఒకటి ఉండేది. ఆ మందలో ఒక కోడి కూడా ఉండేది. పేరు సూరమ్మ. బాతులకి గుడ్లు పెట్టడమే గాని పొదిగే ఓపిక ఎక్కడిది? ఎవరివో గుడ్లు సూరమ్మ పొదిగింది, బాతుపిల్లలు పుట్టాయి. పిల్లలు ఎటు పోతే తల్లీ అటే గనక, తన పెరడు వదిలేసి వాటి వెంట ఈ బురదలో పడింది. అందరిలోకీ చిన్నది చుక్కి, ఒక కాలు ఈడ్చి నడిచేది. ఎప్పుడూ మంద చివరే ఉండేది. సూరమ్మ ప్రాణమూ ఆ చివరే ఉండేది.

చుక్కి వెనక ఇంకొకరు నడిచేవారు. జంబయ్య అనే నక్క.

"నాకు పదవులొద్దు తల్లీ. వెనకబడ్డవాళ్ళని కాస్త చూసుకుంటాను, అంతే" అనేవాడు.

ముందు ఎవరు నడవాలో మాత్రం బాతులు ఓటు వేసి తేల్చుకునేవి. పోటీదారులిద్దరూ కాలువ గట్టెక్కి నిలబడతారు. ఎవరి వైపు మెడ తిప్పితే వాళ్ళకి ఓటు. కుడివైపు మళ్ళు మంచివని నల్లబాతు పోలయ్య, ఎడమవైపువి మంచివని తెల్లబాతు గవరయ్య గొంతు చించుకునేవారు. ఒకసారి ఈయన గెలిచేవాడు, ఒకసారి ఆయన. ఎవరు గెలిచినా పొద్దువాలేసరికి మంద జమ్ము పొదల దగ్గరే తేలేది. తెల్లారి చూస్తే చివర నడిచేవాళ్ళలో ఒకరు తగ్గేవారు.

"ముసలి మంగమ్మ ఏదయ్యా?" అని సూరమ్మ పోలయ్యని నిలదీసింది.

"అది గవరయ్య హయాంలో జరిగిందక్కా. నన్నడిగితే ఎలా?"

గవరయ్యని అడిగితే, "అంతకు ముందు పోయినవాళ్ళ సంగతి పోలయ్యని అడిగావా?" అన్నాడు.

ఇక లాభం లేదని సూరమ్మ చుక్కి పక్కనే నడుస్తూ ఆ రోజంతా గమనించింది. పోలయ్య ముందు కుడికి తిరిగాడు. వెంటనే జంబయ్య కుడిపక్కకి జరిగి ఖళ్ళుమని దగ్గాడు. చివరి బాతులు ఉలిక్కిపడి ఎడమకి ఒరిగాయి, వాటి ముందువి ఇంకాస్త ఒరిగాయి, చివరికి మందంతా ఎడమకి మళ్ళింది. పోలయ్య వెనుదిరిగి చూసి, రెక్కలు టపటపలాడిస్తూ పరుగున వచ్చి మళ్ళీ మంద ముందు నిలబడ్డాడు.

"నువ్వు కుడికి తిరిగితే వీళ్ళు ఎడమకి పోయారేం?" అంది సూరమ్మ.

"ప్రజాభిప్రాయం అక్కా. గౌరవించాలి."

సూరమ్మకి తల బాదుకోవాలనిపించింది. నేరుగా నక్క దగ్గరికే వెళ్ళింది.

"మందని తోలుతున్నది నువ్వు. నిన్నెవరు ఎన్నుకున్నారు?"

"నన్నెన్నుకోవడం దేనికి వదినా? నేనెవరికీ ఏమీ చెప్పనే. దగ్గొస్తే దగ్గుతాను. దారి మీ ఓటుది, మంద మాటకి నేనూ కట్టుబడేవాణ్ణే. నచ్చకపోతే ముందువాణ్ణి మార్చుకోండి." జంబయ్య చుక్కి వైపు చూశాడు. "పాపకి కాలు నొప్పిలా ఉంది. రేపు నా పక్కన నడవమను."

సూరమ్మ పరుగెత్తి బాతులందరికీ చెప్పింది, ఈసారి వెనక ఎవరు నడవాలో ఓటు వెయ్యండర్రా అని.

"వెనక పదవేముందక్కా? దానికి పోటీ కూడానా?" అని ఒకరు నవ్వారు.

"ఈతే రాదు నీకు, ఓటు లేదు. నీకెందుకమ్మా ఇవన్నీ?" అని మరొకరు.

మర్నాడే ఎన్నిక. సూరమ్మ పొద్దున్నే పోలయ్య పక్షం దగ్గరికి వెళ్ళింది. "మీకు పోలయ్య గెలవడం ముఖ్యమా, గవరయ్య గెలవకపోవడం ముఖ్యమా?"

వాళ్ళు పెద్దగా ఆలోచించలేదు. "గవరయ్య గెలవకపోవడమే."

"అయితే జంబయ్యకి వెయ్యండి. గవరయ్య గెలిచే మాటే ఉండదు."

గవరయ్య పక్షానికీ ఇదే మాట, పేరు మార్చి. చెప్పినదాంట్లో ఎక్కడైనా అబద్ధం దొర్లిందేమోనని సూరమ్మ తర్వాత ఒక్కో మాటా వెతుక్కుంది. దొర్లలేదు. అయినా ఇంకోసారి వెతుక్కుంది. చుక్కిని తీసుకెళ్ళి గట్టు అంచున నిలబెట్టి, తను మంద చివరికి వచ్చింది.

ఓటు వేళయింది. పోలయ్య, గవరయ్య ఛాతీలు విరుచుకుని గట్టు మీద నిలబడ్డారు. మెడలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. మంద వెనక్కి చూడటం అదే మొదటిసారి.

చుక్కి కోసం వెతుకుతున్న జంబయ్య ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. "నేను పోటీలోనే లేను గదా."

"మంద మాటకి కట్టుబడతానన్నావు మరిదీ" అంది సూరమ్మ. "ముందు నడువు."

ఏదైతేనేం, జమ్ము పొదలకి చేరితే చాలనుకున్నాడు జంబయ్య. అటు తిరిగి నడిచాడు. పది బారలు పోయి చూసుకుంటే వెనక ఎవరూ లేరు. ముందు నడిచేవాడి వెంట నడవడం ఆ మంద ఎన్నడూ నేర్చుకోలేదు. వెనక దగ్గు వినపడితేనే వాటికి కాళ్ళు కదిలేవి.

"రండమ్మా, రండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఓపిక నశించి, అలవాటు కొద్దీ ఖళ్ళుమని దగ్గాడు.

దగ్గు ఎటు వినపడితే దానికి ఎదురుదిక్కు పోవడం ఆ మంద అలవాటు. ఇప్పుడు దగ్గు ముందు నుంచి వచ్చింది. మందంతా గిర్రున తిరిగి, గట్టు మీది పోలయ్యనీ గవరయ్యనీ తోసుకుంటూ కాలువలో పడింది. అందరికంటే ముందు చుక్కి. నీళ్ళలో ఈడ్చే కాలు ఎవరికి కనిపిస్తుంది? చివరనున్న సూరమ్మ వాటి వెనకే పరుగెత్తి, ఒక్క ఎగురు ఎగిరి పోలయ్య వీపు మీద వాలింది.

"నేను గెలిచాను. మీరు నా వెంట రావాలి" అని ఒడ్డు మీంచి జంబయ్య అరిచాడు.

"గెలిచావు మరిదీ, కాదనలేదు. నీ వెంట ఎవరొస్తారన్నది మా ఇష్టం" అంది సూరమ్మ.

అవతలి గట్టు చేరగానే పోలయ్య ఒళ్ళు దులుపుకుని, "మన ఓటు బలం చూశావా అక్కా" అన్నాడు. ఆ ఆలోచన మొదట తమదేనన్నాడు గవరయ్య. రేపు ముందు ఎవరు నడవాలన్న గొడవ తడి ఆరకముందే మొదలైంది.

"మరి వెనక ఎవరు?" అని అడిగింది సూరమ్మ. ఎవరూ వినిపించుకోలేదు. ఆమె ఉసూరుమంటూ వెళ్ళి చుక్కి వెనక నిలబడింది.

ముందు నడిచేవాణ్ణి ఎన్నుకున్నంత మాత్రాన దారి మనది కాదు, వెనక నుంచి తోలేవాడెవడో చూసుకుని వేసినప్పుడే అది ఓటు.