నాంచారమ్మ దొరకలేదు

దేవుడు తెలివి పంచుతూ ఎర్రదొడ్డికి రెండుసార్లు వచ్చాడని ఆ ఊరివాళ్ళ నమ్మకం. మొదటిసారి పొరపాటున ఇచ్చింది వెనక్కి తీసుకుపోవడానికే రెండోసారి వచ్చాడని పక్క ఊరివాళ్ళు అంటారు. ఎవరి మాట నిజమో ఎర్రదొడ్డి పాల సంఘం సంగతి వింటే మీకే తెలుస్తుంది.

ఆ సంఘంలో కంప్యూటర్ చూసుకునేవాడు కోటిలింగం. "నా బుర్రలో సగం ఉన్నా చాలు, ఎవడైనా జిల్లాని ఏలేయొచ్చు" అని రోజూ భార్యతో అనేవాడు.

"ఆ సగమేదో నీకే ఉంటే బాగుండేదయ్యా" అనేది ఆవిడ.

ఆవిడ పేరు నాంచారమ్మ. ఊరి అమ్మవారి పేరు. అందుకే సంఘంలో మూడొందల మంది సభ్యులుంటే అందులో అరవై ఒక్కరు నాంచారమ్మలే.

సంఘం కంప్యూటర్ సిస్టమ్ పేరు కూడా నాంచారమ్మే. కాకపోతే అది పాత ప్రెసిడెంటు గారి అమ్మ పేరు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారో, ఎవరి పాలల్లో ఎంత వెన్న ఉందో దాచుకునే డేటాబేస్‌కీ అదే పేరు పెట్టుకున్నాడాయన. మొన్న ఎన్నికల్లో ఆయన పోయి చెంచురామయ్య వచ్చాడు. గేదెలకి దాణా లేదు, డెయిరీకి వచ్చే రోడ్డంతా గుంటలు, పాలు చల్లబరిచే మిషను ముసలాడిలా దగ్గుతోంది. చెంచురామయ్య కుర్చీలో కూర్చుని అడిగిన మొదటి మాట, "మా అమ్మ పేరు ఎప్పుడు పెడతారు?" అని. ఆవిడ పేరు తిరుపతమ్మ.

ఆ సిస్టమ్ తయారుచేసిన ఇంజనీరు శమంత టౌన్లో ఉంటుంది. "పేరు మార్చడం ఆషామాషీ పని కాదండీ. వారం ఆగితే నేనే వచ్చి చేస్తాను" అంది ఫోన్లో.

"మాకు కోటిలింగం ఉన్నాడమ్మా. ఏం చెయ్యాలో రాసి పంపు, అక్షరం తప్పకుండా చేస్తాడు" అన్నాడు చెంచురామయ్య.

పాపం ఆ అమ్మాయి నమ్మింది. ఎర్రదొడ్డిలో అక్షరం తప్పకుండా చెయ్యడమంటే ఏమిటో ఆమెకి తెలియదు. కాగితం పంపింది.

ఇంకేముంది! సాయంత్రం పాలు పోయించుకోవడం కాగానే కోటిలింగం, మేనేజరు బసవపున్నయ్య ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నారు. 'ముందు నకలు మీద చేసి చూడండి' అని ఉంది మొదటి మాట.

"నకలంటే జిరాక్సే కదా పున్నయ్య గారూ?"

"మరింకేమిటోయ్?"

అంతే. ఇద్దరూ కలిసి కంప్యూటర్ తెరని ఎత్తి జిరాక్స్ మిషను మీద బోర్లించారు. నల్లటి కాగితం ఒకటి బయటికొచ్చింది. దాని మీద సుద్దముక్కతో 'తిరుపతమ్మ' అని రాశారు. కాగితం చిరగలేదు, కాలలేదు. పరీక్ష పాసయిందని పున్నయ్య సంతకం పెట్టాడు.

'పని జరుగుతున్నంతసేపూ సిస్టమ్‌లో ఎవరూ ఉండకూడదు' అన్నది రెండో మాట. కోటిలింగం స్క్రూలు విప్పి పెట్టె తెరిచాడు. లోపల నిజంగానే ఒక బల్లి ఉంది! "చూశారా? చదువుకున్నవాళ్ళు ఊరికే రాయరు" అన్నాడు. చీపురు పుచ్చుకుని బల్లిని తరిమారు. పున్నయ్య మళ్ళీ సంతకం పెట్టాడు.

మూడోది 'బ్యాకప్ తీసి పాడవకుండా ఉండేచోట పెట్టండి' అని. డేటాబేస్ మొత్తాన్నీ కోటిలింగం ఒక చిన్న డిస్కులోకి ఎక్కించాడు. ఆ పని మాత్రం సరిగ్గానే చేశాడు, ఉన్నమాట చెప్పుకోవాలి. ఇక పెట్టడం ఎక్కడ? బీరువాలో చెదలు, ఇంట్లో ఎలుకలు.

"మన డెయిరీలో ఏదైనా పాడవకుండా ఉండేచోటు ఒక్కటేనోయ్ లింగం" అన్నాడు పున్నయ్య.

ఇద్దరూ నిచ్చెనేసుకుని ఎక్కి చల్లటి పాల ట్యాంకు మూత తీశారు. లోపల రెండు వేల లీటర్ల పాలు. బుడుంగుమంది డిస్కు.

తరవాత 'పాత పేరు ఎక్కడా మిగలకుండా చూడండి' అని ఉంది. కోటిలింగం కంప్యూటర్ చేత వెతికించి మార్పించాడు. సిస్టమ్ పేరు తిరుపతమ్మ అయింది. డేటాబేస్ పేరు తిరుపతమ్మ అయింది. దాంతోపాటు జాబితాలో ఉన్న అరవై ఒక్క నాంచారమ్మలూ ఒక్క మీటతో తిరుపతమ్మలైపోయారు. అందులో తన భార్య కూడా ఉందని చూసి, పనిలో బంధుప్రీతి పనికిరాదనుకున్నాడు.

ఆఖరిది 'గేటు దగ్గర పాలు తూచే మిషనుకి కొత్త పేరు చెప్పండి'. ఇద్దరూ వెళ్ళి దాని పక్కన గొంతుక్కూర్చుని, చెవి ఎక్కడుందో తెలియక నాలుగు వైపులా తిరిగి, "తిరుపతమ్మా, తిరుపతమ్మా, తిరుపతమ్మా" అని చెప్పొచ్చారు.

తెల్లారి ఆరున్నరకి గేటు దగ్గర బిందెలూ క్యాన్లూ బారులు తీరాయి. అందరికంటే ముందు నాంచారమ్మ నిలబడింది. ఆవిడ గేదె ఈని నెల తిరగలేదు, ఎనిమిది లీటర్లిచ్చింది. తొమ్మిది లోపు ట్యాంకులో పడకపోతే పాలు విరుగుతాయి. ఆవిడ మిషను మీద కార్డు పెట్టింది. మిషను కుయ్యిమంది. పాత సిస్టమ్ కోసం వెతికి వెతికి తెర మీద అక్షరాలు చూపించింది: 'నాంచారమ్మ దొరకలేదు.'

"ఇదిగో ఉన్నాగా! దీని కళ్ళు పోయాయా?" అంది నాంచారమ్మ.

ఎవరు కార్డు పెట్టినా అదే మాట. వెనక జనం కేకలు. కోటిలింగం చెమటలు తుడుచుకుంటూ శమంతకి ఫోన్ చేశాడు.

"కంగారు పడకండి. బ్యాకప్ ఉందిగా, పది నిమిషాల్లో వెనక్కి తెచ్చేయొచ్చు. ఎక్కడ పెట్టారు?"

"పాడవకుండా పాలట్యాంకులో పెట్టాం మేడం."

అటువైపు తాళంచెవులు గలగలమన్నాయి. "నా దగ్గర ఇంకో కాపీ ఉంది. బయల్దేరుతున్నా, ఎనిమిదిన్నరకి అక్కడుంటా. అప్పటిదాకా మీరు దయచేసి ఏమీ చెయ్యకండి" అంది.

ఏమీ చెయ్యకుండా ఉండటం తెలివైనవాళ్ళకి ఎలా కుదురుతుంది? డిస్కు కావాలంటే ట్యాంకు ఖాళీ చెయ్యాలి. అంతే, కుళాయి తిప్పారు. గేటు బయట పాలు కాపాడటం కోసం లోపల ఉన్న రెండు వేల లీటర్ల పాలూ మురిక్కాలవలో పోశారు. ఊరి కుక్కలన్నీ చుట్టాలతో సహా వచ్చాయి. డిస్కు దొరికింది. కోటిలింగం దాన్ని లుంగీ పిండినట్టు పిండబోయాడు, పిండలేక ఎండలో పెట్టాడు.

"కంప్యూటర్లో తిరుపతమ్మలున్నారు, గేటు దగ్గర నాంచారమ్మలున్నారు. అదీ తేడా!" అన్నాడు పున్నయ్య. "కంప్యూటర్ని ఏమీ చెయ్యొద్దంది కదా ఆ అమ్మాయి. మనుషుల్నే మారుద్దాం."

పంతుల్ని పిలిపించారు. అరవై ఒక్కమందినీ వరసగా కూర్చోబెట్టి బారసాల మొదలెట్టారు. "నాకు యాభై ఏళ్ళు, ఇప్పుడు బారసాలేంటి?" అందొకామె. "ఆలస్యమైందని మాకూ బాధగానే ఉందమ్మా" అన్నాడు పున్నయ్య. పంతులు చెవుల్లో తిరుపతమ్మ, తిరుపతమ్మ అని ఊదుకుంటూ పోయాడు. చెంచురామయ్య వచ్చి, ఊరంతా తన తల్లి పేరే వినిపిస్తుంటే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమయ్యా, మంచి మాటగా చెబుతున్నా. ఆ పిల్ల వచ్చేదాకా నన్నొదిలెయ్" అంది నాంచారమ్మ.

"సంఘం కోసం ఓర్చుకో తిరుపతమ్మా" అన్నాడు కోటిలింగం. ఆవిడ మొగుడి వంక ఒక చూపు చూసి చెవి అప్పగించింది.

అన్న మాట ప్రకారం శమంత ఎనిమిదిన్నరకి వచ్చింది. కాఫీ కూడా అడగలేదు. పావుగంటలో పాత కాపీ ఎక్కించింది. మిషను పచ్చగా వెలిగింది. జాబితాలో అందరి పేర్లూ మునుపటిలా వచ్చాయి. ఇంకా పావుగంట టైముంది, పాలు దక్కినట్టే! నాంచారమ్మ క్యాను ఎత్తింది, కార్డు పెట్టింది. 'నాంచారమ్మ, పాలు పొయ్యండి' అంది తెర.

కోటిలింగం పరుగున వచ్చి క్యాను పట్టుకున్నాడు. "ఆగాగు! అది నాంచారమ్మని పిలుస్తోంది. నువ్వు తిరుపతమ్మవి. ఒకళ్ళ పేరు మీద ఇంకొకళ్ళు పాలు పోస్తే దొంగతనం కాదూ?"

"నా పేరయ్యా అది! నా గేదె పాలయ్యా ఇవి!"

"బారసాల నా కళ్ళముందే జరిగింది" అన్నాడు కోటిలింగం. అరవై ఒక్కమందినీ పక్కకి నిలబెట్టాడు. మిగతావాళ్ళు చకచకా పోసేసి వెళ్ళారు. శమంత నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది, వినలేదు. తొమ్మిదయింది, తొమ్మిదింబావయింది. అరవై ఒక్క క్యాన్లలో పాలు విరిగాయి. నాంచారమ్మ తన ఎనిమిది లీటర్లనీ కోటిలింగం కాళ్ళ ముందు కుమ్మరించి ఇంటికి పోయింది.

మధ్యాహ్నం ఆకలేసి కోటిలింగం ఇంటికెళితే తలుపు గడియ వేసి ఉంది. "నేనేనే, నీ మొగుణ్ణి. తలుపు తీసి అన్నం పెట్టు" అన్నాడు.

"నాంచారమ్మ మొగుడివైతే నాంచారమ్మ దగ్గరికెళ్ళు. ఇక్కడున్నది తిరుపతమ్మ. పరాయి మగాడికి తలుపు తియ్యను" అందావిడ లోపల్నించి.

కోటిలింగం అరుగు మీద కూర్చుని ఆలోచించాడు. ఎటు తిప్పి చూసినా ఆవిడ మాటలో తప్పు కనిపించలేదు. ఇంకేముంది, ఆకలి కడుపుతోనే వెళ్ళి డప్పు కొట్టే రాయుణ్ణి పిలుచుకొచ్చి, తప్పిపోయిన అరవై ఒక్క నాంచారమ్మలని ఎవరైనా చూస్తే డెయిరీకి తోలుకురమ్మని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా దండోరా వేయించాడు. జాబితాలో మొట్టమొదట తన పెళ్ళాం పేరే రాయించి, ఆనవాళ్ళ దగ్గర 'మంచిది, నోరు కొంచెం ఎక్కువ' అని చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.