చదునుమూతి గుండు

ఖాదర్ సాయిబును ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు, చెప్పులు తొడుక్కునేవాడు. "పద, చూద్దాం" అని దానికి అర్థం. మన్యంలో నలభై ఏళ్లు వేటాడి, ముసలితనంలో నలుగురికి వేట నేర్పుతూ బతుకుతున్న మనిషి.

ఆయన శిష్యుల్లో జోగినాయుడు అందరికంటే చురుకైనవాడు, ఆత్రం కూడా అంతే. ఆ ఏడు ఒంటరి అడవిదున్న ఒకటి కొండవాలు చేల మీద పడి ఇద్దరు రైతులను కుమ్మింది. దాన్ని కొట్టే పని ఎస్టేటువారు సాయిబుకు అప్పగిస్తే, ఆయన నాయుడికి అప్పగించాడు. నాయుడు వారం రోజులు కొలిమి దగ్గర కూర్చుని, సీసంలో కాస్త తగరం కలిపి, మూడు అచ్చుల్లో మూడు రకాల గుండ్లు పోసుకొచ్చాడు. ఒకదానికి మొన తేలి ఉంది. ఒకదానికి మూతిలో గుంట ఉంది. మూడోదాని మూతి కత్తితో కోసినట్టు చదునుగా ఉంది.

"సాయిబుగారూ, పెద్ద జంతువుకి వీటిలో ఏది మంచిది?"

సాయిబు చెప్పులు తొడుక్కున్నాడు.

ఏటిగట్టున తడిపిన ఊక బస్తాలు మూడు, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టించి కాల్పించాడు. గుంట మూతిది మొదటి బస్తాలోనే చితికిపోయింది. మొనదేలినది రెండో బస్తాలో దారి తప్పి పక్కనుంచి బయటపడింది. చదునుమూతిది మూడింటినీ సూటిగా తొలుచుకుని గట్టులో జానెడు లోతున దిగింది. నాయుడు గంతేసి, "దొరికింది!" అన్నాడు. సాయిబు వంగి, గట్టులో పడ్డ చిల్లులో వేలు పెట్టి చూశాడు.

మర్నాడు పొద్దున్నే దున్న కనబడింది. యాభై అడుగుల దూరంలో, పొదల ముందు, అడ్డంగా నిలబడి గడ్డి మేస్తోంది. నాయుడు చదునుమూతి గుండు దట్టించిన తుపాకి ఎత్తి గురి కుదుర్చుకున్నాడు. సాయిబు గొట్టం మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"దీని వెనకాల ఏముంది నాయుడూ?"

నాయుడికి చిరాకేసింది. అయినా చూశాడు. పొదల సందున ఎర్రటి చీరకొంగు కదిలింది, ఆ పక్కన ఇంకొకటి. విస్తళ్లకు అడ్డాకులు కోసుకునే ఆడవాళ్లు. అతను గబుక్కున తుపాకి కిందికి దించేశాడు. ఆ అలికిడికి దున్న తలెత్తి చూసి, బుస్సుమని లోయలోకి దిగిపోయింది.

ఆడవాళ్లు ఆకులమోపులతో బయటికొచ్చారు. వాళ్లలో పెద్దామె ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, దున్న మమ్మల్ని చూసి పారిపోనాదా, మిమ్మల్ని చూసా?" అంది. అందరూ పకపకా నవ్వారు. నాయుడు కూడా నవ్వాడు గాని, తుపాకి గొట్టాన్ని మాత్రం నేలవైపే పట్టుకున్నాడు.

వాళ్లు ఊరివైపు దిగిపోయేదాకా ఆగి, ఇద్దరూ జాడ పట్టుకుని వెళ్లారు. మధ్యాహ్నానికి దున్న రాతిగోడలా ఉన్న కొండచరియ కింద దొరికింది. ఈసారి నాయుడు దున్నకంటే ముందు దాని వెనకున్న కొండను చూశాడు. ఒక్కటే దెబ్బ. పది అడుగులు నడిచి కూలబడింది.

తిరుగుదారిలో నాయుడి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "ఇప్పుడైనా చెప్పండి సాయిబుగారూ. చదునుమూతి గుండే కదా మంచిది?"

సాయిబు నడుస్తూనే అన్నాడు: "మంచిదే నాయుడూ. పొద్దున నువ్వు కాల్చకుండా ఉంచుకున్నది మరీ మంచిది."